క్రిస్మస్‌కి మీ పిల్లలకి ఏ పని అప్పజెప్పారు?

ప్రశ్న: ఆంటీ, వందనాలండీ. మాది తెనాలి దగ్గర పల్లెటూరు, లూథరన్ కుటుంబం. పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చాను. మియాపూర్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. బాబుకి ఏడేళ్లు, పాపకి నాలుగు. పోయిన డిసెంబర్‌లో సెమీ క్రిస్మస్‌లే, అంటే పండగకి ముందే చేసే వేడుకలే, ఐదు అయ్యాయి. మా ఆయన ఆఫీసులో ఒకటి, బాబు స్కూల్లో ఒకటి, అపార్ట్‌మెంట్ వాళ్లది ఒకటి, చర్చిలో రెండు. అన్నిచోట్లా కేకు, అన్నిచోట్లా శాంతా, అన్నిచోట్లా గిఫ్టు. తీరా 25వ తేదీ పొద్దున మేం కొన్న సైకిల్ చూసి మావాడు "ఇంకేం లేదా మమ్మీ?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఇంకోటి కూడా అడిగాడు: "బర్త్‌డే యేసయ్యది కదా, గిఫ్టులు నాకెందుకు ఇస్తున్నారు?" దానికీ నా దగ్గర జవాబు లేదు. మా అత్తగారు డిసెంబర్ అంతా మా దగ్గరే ఉంటారు. ఆవిడ వెళ్లే సంఘంలో చెట్టు పెట్టరు, క్రిస్మస్ తాత మాటే ఎత్తరు. "ఇవన్నీ అన్యాచారాలు" అంటారు. మా ఆయనేమో "చిన్నపిల్లలు, ఎంజాయ్ చెయ్యనీ" అంటారు. నాకు మా ఊరి క్రిస్మస్ గుర్తొస్తుంది. నాన్న వాకిట్లో స్టార్ కడుతుంటే నేను జిగురు గిన్నె పట్టుకుని పక్కనే కూర్చునేదాన్ని. ఈ ఊళ్లో అదంతా ఎలా కుదురుతుంది? పిల్లలకి ఏం అలవాటు చెయ్యాలి, ఏం మానిపించాలి?
— ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: వందనాలు తల్లీ. "ఇంకేం లేదా" అన్నందుకు వాడి మీద మనసు కష్టపెట్టుకోకు. నెలరోజుల్లో ఐదు కేకులు కోయించి ఆరో కేకు ముందు నిలబెడితే పెద్దవాళ్లకే ఆవలింతలొస్తాయి. వాడికి ఏడేళ్లు. పండగంటే ఎవరో ఏదో ఇస్తారు, మనం చేతులు చాపి నిలబడాలి అని ఐదుసార్లు నేర్చుకున్నాడు. ఆరోసారి కూడా అలాగే నిలబడ్డాడు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ చిన్ననాటి క్రిస్మస్ గురించి నువ్వు రాసింది రెండే వాక్యాలు. వాటిలో కొత్త గౌను లేదు, కేకు లేదు. జిగురు గిన్నె ఉంది. ఇన్నేళ్ల తర్వాత నీకు గుర్తున్నది ఆ రోజు నీ చేతిలో ఉన్న వస్తువే. నేను మా గుడిలో ముప్ఫై ఏళ్లకి పైగా సండే స్కూల్ చెప్పాను. అప్పటి పిల్లలు ఇప్పుడు తల్లిదండ్రులై ఏ పెళ్లిలోనో కనబడితే, ఒక్కరు కూడా "ఆ ఏడాది ప్రసంగం బాగుంది టీచర్" అనరు. "గుడి గంట నాతో కొట్టించారు", "నాటకంలో నేను గొర్రెని", "క్యారల్స్‌కి పెట్రోమాక్స్ లైటు నేనే మోశాను" అంటారు. అందుకని నేను చెప్పేది ఒక్క ముక్కే. ఇద్దరికీ చెరో పని అప్పజెప్పు. ఏటా అదే పని, వాళ్లు చెయ్యకపోతే ఆగిపోయే పని. మిగతా హంగులు ఉంటే ఉంటాయి, పోతే పోతాయి.

స్టార్‌తోనే మొదలుపెడదాం. మీ నాన్నగారు కట్టిన స్టార్ నేను చూడకపోయినా చెప్పగలను, మా నాన్న కట్టిందీ అదే కాబట్టి. వెదురు బద్దలు సన్నగా చీల్చి, కత్తితో నునుపు చేసి, ఐదేసి బద్దలతో రెండు నక్షత్రాలు. రెండిటినీ కొసల దగ్గర పురికొసతో కలిపి కట్టి, లోపలి మూలల్లో జానెడు పుల్లలు అడ్డం పెడితే స్టార్‌కి పొట్ట వస్తుంది. ఆ పొట్టలో బల్బు, పైన రంగు కాగితం. మైదా ఉడికించిన జిగురులో పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపేవారు. అది విషం, పిల్లల చేతికిచ్చే జిగురులో మీరు వెయ్యొద్దు. సరుగుడు బాదకి కట్టి ఇంటికప్పు మీదికి ఎత్తితే పొలాలకి అవతలున్న ఊరికి కూడా కనబడేది.

మీ బాల్కనీకి అంత అక్కర్లేదు. కొబ్బరి చీపురు పుల్లలు నాలుగేసి కలిపి దారం చుడితే మూరెడు స్టార్ తయారవుతుంది. లోపల ఎల్‌ఈడీ దండ చాలు, కాగితం వేడెక్కదు. ఒక మూల అతికించకుండా వదిలేస్తే దండ పెట్టడానికీ తియ్యడానికీ వీలు. వంకరగా వస్తుంది, రానీ. జిగురు గిన్నె పాపది. గోడకీ, జుట్టుకీ పూస్తుంది. పూయనీ. బాబుకి స్విచ్ ఇవ్వు. డిసెంబర్ 1 నుంచి కొత్త సంవత్సరం దాకా సాయంత్రం ఆరింటికి స్టార్ వెలిగించేది వాడే, ఇంకెవరూ ముట్టుకోకూడదు. వాడు మర్చిపోతే గుర్తుచెయ్యకు, నువ్వు వెళ్లి వేసెయ్యకు. ఆ రోజు బాల్కనీ చీకటిగానే ఉంటుంది. ఎదురు ఫ్లాట్ ఆవిడ "ఏం బాబూ, నిన్న మీ స్టార్ వెలగలేదే" అని ఒక్కసారి అడిగిందంటే, ఆ మర్నాటి నుంచి ఐదున్నరకే స్విచ్ దగ్గర నిలబడతాడు.

ఇక ఎదురుచూపు. మీ ఇంట్లో అసలు కరువైంది అదే అనుకుంటున్నాను. డిసెంబర్ మొదటి వారంలోనే కేకు కోసేశాక 25 కోసం ఎదురుచూడ్డానికి ఏం మిగులుతుంది? మనం లూథరన్లం, మన దగ్గర దీనికి పాత మందు ఉంది. క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాలు ఆగమన కాలం. గుడిలో వారానికొక కొవ్వొత్తి చొప్పున వెలిగించడం నువ్వు చూసే ఉంటావు. అది ఎలా మొదలైందో పిల్లలకి చెప్పు, వాళ్లకి నచ్చుతుంది. జర్మనీలో హాంబర్గ్ ఊళ్లో యోహాన్ విఖెర్న్ అనే ఒక పాస్టరుగారు దిక్కులేని పిల్లలకి ఆశ్రమం నడిపేవారు. ఆ పిల్లలు కూడా మీవాడిలాగే "క్రిస్మస్ ఎప్పుడు, క్రిస్మస్ ఎప్పుడు" అని ఆయన్ని రోజూ వేధించేవారట. 1839లో ఆయన ఒక బండి చక్రం తెచ్చి, దాని చుట్టూ మామూలు రోజులకి చిన్న ఎర్ర కొవ్వొత్తులు, ఆదివారాలకి నాలుగు పెద్ద తెల్ల కొవ్వొత్తులు నిలబెట్టి, రోజుకొకటి వెలిగించడం మొదలుపెట్టారు. ఇంకెన్ని వెలగాలో లెక్కపెట్టుకుంటే ఎన్ని రోజులుందో తెలిసిపోతుంది. ప్రశ్నలు అడిగే పిల్లల నోరు మూయించడానికి పుట్టిన ఆచారం అది. టీచర్ని కాబట్టి నాకు భలే ఇష్టం.

మీ ఇంట్లో పాలియెస్టర్ గౌను వేసుకున్న నాలుగేళ్ల పిల్ల ఉంది. రోజూ కొవ్వొత్తులు వద్దు. ఆదివారాలు మాత్రం రాత్రి కుటుంబ ప్రార్థనప్పుడు ఒకటి, రెండు, మూడు, నాలుగు వెలిగించండి, ఇత్తడి పళ్లెంలో కాసిని నీళ్లు పోసి అందులో నిలబెట్టి. మిగతా రోజులకి గడ్డిపరక. ఒక అట్టపెట్టెని తొట్టెలా కత్తిరించు. రోజూ పడుకునే ముందు ఇద్దరూ చెరో గడ్డిపరక అందులో వెయ్యాలి. 24 రాత్రి అయ్యేసరికి పసిబిడ్డ యేసుని పడుకోబెట్టడానికి మెత్తటి పడక తయారవుతుంది. మీ ఊరినుంచి ఎవరైనా వస్తుంటే పిడికెడు వరిగడ్డి తెమ్మను, కోతలు అయ్యే రోజులే కదా. లేదంటే పండ్ల దుకాణంలో పెట్టెల్లో పరిచే గడ్డి అడిగితే ఇస్తారు. కొంతమంది "మంచి పని చేస్తేనే గడ్డిపరక" అని నియమం పెడతారు. నేను ఒక ఏడు సండే స్కూల్లో పెట్టి చూశాను. మూడో రోజుకల్లా ఒకడు ఇంకొకడి గడ్డి లెక్కపెట్టి, "వాడు అబద్ధం చెప్పాడు టీచర్, రెండు పరకలు తీసెయ్యండి" అన్నాడు. ఆ నియమం అక్కడితో ఎత్తేశాను. ఊరికే వెయ్యనీ.

తొట్టె ఉందంటే పాక కూడా వచ్చేసినట్టే. పశువుల పాక కట్టి చూపించడం అస్సీసీ ఫ్రాన్సిస్ గారు 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్లో మొదలుపెట్టారని చెబుతారు. బొమ్మలతో కాదు, నిజమైన ఎద్దుని, గాడిదని తెచ్చి నిలబెట్టారట. మేమూ ఒక ఏడు ఆ సాహసం చేశాం. గొర్రెల కాపరి వేషం వేసిన పిల్లాడు వాళ్లింటి మేకపిల్లని చంకలో పెట్టుకుని వేదిక ఎక్కాడు. అది దిగీదిగగానే తొట్టెలో గడ్డి మేసి, తర్వాత దేవదూత రెక్కల కాగితం అందుకుంది. జనం నవ్వులకి అయ్యగారి ముగింపు ప్రార్థన ఎవరికీ వినబడలేదు. నీకు బొమ్మలు చాలు. సెట్టు కొనాల్సిన పని కూడా లేదు. మా ఇంటి పాకలో అరుగుతూ అరుగుతూ మిగిలిన కొండపల్లి ఎద్దు ఒకటి ఉంటుంది, గొర్రెలు బంకమట్టివి, యోసేపుకి ఒక చెయ్యి లేదు. మా మనవలకి ఆ చెయ్యిలేని యోసేపే కావాలి. కొత్తది తెస్తే ఏడ్చారు.

ఇందులో పిల్లల పనులు రెండు. 24 రాత్రి దాకా తొట్టె ఖాళీగా ఉండాలి. ఆ రాత్రి బిడ్డ బొమ్మని తెచ్చి పడుకోబెట్టే పని పాపది. చుక్కని చూసి బిడ్డని వెతుక్కుంటూ వచ్చిన జ్ఞానుల బొమ్మల్ని నడిపించే పని బాబుది. వాళ్లు తూర్పు దేశం నుంచి రావాలి కదా. మొదటి రోజు మీ ఇంట్లో తూర్పు గదిలో అలమర మీద ఉంటారు. రోజుకింత జరుపుతూ, ఫ్రిజ్ మీదకి, టీవీ పక్కకి, షూ ర్యాక్ మీదకి, జనవరి 6కి పాక దగ్గరికి చేర్చాలి. జ్ఞానులు బిడ్డని చూడవచ్చినదానికి గుర్తుగా చేసే ప్రకటన పండగ ఆ రోజే. డిసెంబర్ 26న పండగ చచ్చిపోకుండా ఇంకో పది రోజులు బతుకుతుంది.

మీవాడు ప్రశ్నలడిగే రకంలా ఉన్నాడు, వాడికో ఆట చెబుతాను. 24 రాత్రి లూకా రెండో అధ్యాయం, మత్తయి రెండో అధ్యాయం మీ ఆయన్ని గట్టిగా చదవమను. చదవక ముందు పిల్లల్ని అడుగు. మరియమ్మ బేత్లెహేముకి గాడిదెక్కి వెళ్లిందా? జ్ఞానులు ఎంతమంది? కాపరులు చుక్కని చూశారా? "గాడిద", "ముగ్గురు", "చూశారు" అని అరుస్తారు. అప్పుడు చదవండి. గాడిద ఊసే ఉండదు. జ్ఞానుల లెక్క ఉండదు, కానుకలు మాత్రం మూడు. చుక్క మత్తయిలోనే ఉంది, కాపరులు లూకాలోనే ఉన్నారు. జ్ఞానులు వచ్చేసరికి బిడ్డ ఇంట్లో ఉన్నాడని మత్తయి రాశాడు. పెద్దవాళ్లు వేసే నాటకంలో తప్పులు పట్టుకోవడం కంటే ఏడేళ్లవాడికి ఆనందం ఏముంటుంది! పైగా వాక్యం వినడానికి చెవులు రిక్కించుకుని కూర్చుంటాడు. ఈ ఆట వచ్చాక మా క్లాసులో అల్లరి సగం తగ్గింది.

సరే, క్రిస్మస్ తాత. దీని గురించి చాలామంది తల్లులు నాకు రాస్తుంటారు, నిజం చెప్పాలా అబద్ధం ఆడాలా అని. మనకి ఆ చిక్కు ఎందుకొచ్చిందో నాకు అర్థంకాదు. మన ఊళ్లలో తాత పొగగొట్టంలోంచి ఎప్పుడు దిగాడు? అర్ధరాత్రి క్యారల్స్ వాళ్లతో, కంజిర మోగుతుంటే, వీధి తలుపులోంచి వచ్చాడు. ఎర్ర చొక్కా, ముఖానికి మాస్కు, జేబుల్లో చాక్లెట్లు. మేం ముందు వాళ్ల కాళ్లు చూసేవాళ్లం. "ఒరేయ్, అవి పీటరు మావయ్య చెప్పులు!" అని ఒకడు గట్టిగా అనేవాడు. ఆ మాట విని తాత ఇంకాస్త ఎగిరేవాడు. వేషం అని తెలిసి కూడా నవ్వాం, చాక్లెట్ల కోసం ఎగబడ్డాం. పగటివేషాలు, వీధినాటకాలు చూసి పెరిగినవాళ్లం మనం. వేషాన్ని వేషంగా చూసి ఆనందించడం మన పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు. "శాంతా ఉన్నాడా మమ్మీ?" అంటే, "అది వేషం నాన్నా, ఎవరేశారో కనిపెట్టు చూద్దాం" అను. అబద్ధం ఆడినట్టూ కాదు, ఆట చెడగొట్టినట్టూ కాదు. ఒక్క జాగ్రత్త. ఆ ప్లాస్టిక్ మాస్కు చూస్తే నాలుగేళ్ల పిల్లలు జడుసుకుంటారు. ఫొటో కోసం పాపని ఎత్తి తాత ఒళ్లో కూర్చోబెట్టొద్దు.

ఆ వేషం వెనక ఒక మనిషి ఉన్నాడని కూడా చెప్పు. నికొలాసు అని, ఇప్పటి టర్కీలో ఉన్న మైరా పట్టణానికి నాలుగో శతాబ్దంలో బిషప్పు. ముగ్గురు ఆడపిల్లల తండ్రి కట్నాలు ఇచ్చుకోలేక పెళ్లిళ్లు చెయ్యలేకపోతుంటే, రాత్రిపూట కిటికీలోంచి బంగారం మూట విసిరి వెళ్లిపోయేవాడని కథ. కథే, కళ్లారా చూసినట్టు చెప్పనక్కర్లేదు. కానీ "ఎవరిచ్చారో తెలియకూడదు" అన్న ముక్క పిల్లలు పట్టుకుంటారు. డిసెంబర్ 6 ఆయన పండగ. ఆ రాత్రి మీ అపార్ట్‌మెంట్‌లో ఒక ఇంటి గుమ్మం ముందు మీ పిల్లలు రహస్యంగా ఏదైనా పెట్టి పారిపోయి రావచ్చు. వాచ్‌మన్‌గారి పిల్లలకి రెండు కొత్త కథల పుస్తకాలో, రంగు పెన్సిళ్లో. పాతవి వద్దు, వాడికి నువ్వేం కొంటావో అలాంటివే. ఫొటో తియ్యొద్దు, స్టేటస్ పెట్టొద్దు. పెడితే అది మూట విసరడం అవదు, ప్రెస్ మీట్ అవుతుంది.

"బర్త్‌డే యేసయ్యదైతే గిఫ్టులు నాకెందుకు" అన్న ప్రశ్నకి ముందు వాడి వీపు తట్టు. మంచి ప్రశ్న. జవాబు వాడి స్కూల్లోనే ఉంది. "నీ బర్త్‌డే రోజు క్లాసులో చాక్లెట్లు ఎవరు పంచుతారు?" అని అడుగు. "నేనే" అంటాడు. మరి యేసయ్య పుట్టినరోజున పంచేది కూడా యేసయ్యే. ఆయన తరఫున పళ్లెం పట్టుకు తిరిగేవాళ్లు కావాలి. ఆకలైనవాళ్లకి, బట్టల్లేనివాళ్లకి ఇచ్చింది తనకిచ్చినట్టేనని ఆయన చెప్పిన మాట మత్తయి 25వ అధ్యాయంలో ఉంది. అది వాడికి చదివి వినిపించు. గిఫ్టు మానెయ్యమని నేననను. సైకిలు కొంటే కొన్నారు, తప్పేముంది. కాకపోతే వరస మార్చు. 25 పొద్దున గుడి, తర్వాత పంపకం, మధ్యాహ్నం భోజనాలయ్యాక వాళ్ల గిఫ్టు. ఒక్కటే. పొద్దున్నుంచి ఇచ్చి ఇచ్చి వచ్చినవాడు చిన్న బొమ్మ దొరికినా సంబరపడతాడు. పోయినేడు మాత్రం లేవగానే సైకిలు ఎదురొచ్చింది.

పంపకం అంటే పిండివంటలు. ఈ ఒక్కదానికి రెడీమేడ్ వద్దంటాను. నాలుగు రకాలు చెయ్యక్కర్లేదు, గవ్వలు చెయ్యండి చాలు. గవ్వలు పిల్లల కోసమే పుట్టిన వంటకం. అరకిలో మైదాలో రెండు గరిటెల వేడి నూనె, చిటికెడు ఉప్పు వేసి, నీళ్లతో పూరీ పిండికన్నా కాస్త గట్టిగా కలిపి అరగంట మూతపెట్టు. గోళీకాయంత ఉండ తీసి గవ్వల చెక్క మీద పెట్టి బొటనవేలితో నొక్కుతూ ముందుకి తొయ్యాలి. చారలు పడుతూ అదే చుట్టుకుపోయి గవ్వ అవుతుంది. మొదటి పది గవ్వలు గవ్వల్లా ఉండవు, నత్తల్లా ఉంటాయి. పదకొండోది కుదిరాక పిల్లల్ని అక్కణ్ణుంచి లేపలేవు. బల్ల వంటింట్లో వద్దు, హాల్లో వెయ్యి. నూనె, పాకం నువ్వూ మీ అత్తగారూ చూసుకోండి. సన్నటి మంట మీద ఎర్రగా వేయించి, నీళ్లలో వేస్తే గట్టిగా ఉండ కట్టే బెల్లం పాకంలో తిప్పి తియ్యండి. విరిగినవి, నత్తలు పిల్లలవి.

25న పళ్లేల్లో సర్ది, పైన గుడ్డ కప్పి, మీ అంతస్తులో ప్రతి ఇంటికీ పిల్లలే తీసుకెళ్లాలి. నువ్వు వెనక నిలబడు, మాట్లాడకు. "హ్యాపీ క్రిస్మస్ ఆంటీ, గవ్వలు నేనే చేశాను" అని వాళ్లే చెప్పాలి. ఎవరో ఒకరు పళ్లెం ఖాళీగా ఇవ్వకూడదని గుప్పెడు పంచదారో, రెండు అరటిపళ్లో వేసి ఇస్తారు. సంక్రాంతికి అదే పళ్లెంలో అరిసెలు వస్తాయి. రంజాన్‌కి సేమియా వస్తుంది. మా వీధిలో ఒక స్టీలు పళ్లెం పదిహేనేళ్లుగా మూడిళ్ల మధ్య తిరుగుతోంది, అది మొదట ఎవరిదో ఇప్పుడు ఎవరికీ తెలియదు.

మీ అత్తగారి సంగతి. ఆవిడ అన్నదాంట్లో కొంత నిజముంది, ముందు అది ఒప్పుకో. యేసు పుట్టిన తేదీ బైబిల్లో లేదు. డిసెంబర్ 25న పండగ చెయ్యడం నాలుగో శతాబ్దంలో రోమ్‌లో కనబడుతుంది. చెట్టు జర్మనీ వైపు నుంచి వచ్చింది. కానీ చెట్టు తప్పని కొందరు చూపించే యిర్మీయా 10వ అధ్యాయం విగ్రహాలు చెక్కడం గురించి రాసింది, పండగ చెట్టు గురించి కాదు. ఈ సంగతి నీకు తెలిసినా పాకం పొయ్యి మీద ఉండగా ఆవిడతో వాదించకు. ఒక ప్లాస్టిక్ చెట్టు కోసం నెలంతా టెన్షన్ దేనికి? ఈ ఏడు చెట్టు మానెయ్. స్టార్‌కి, పాకకి ఆవిడ అడ్డుచెప్పకపోవచ్చు. పెద్దవాళ్లకి కూడా పని కావాలి తల్లీ, పిల్లలకి కావాల్సినట్టే. తమకేమీ అప్పజెప్పనప్పుడే వాళ్లు వద్దులు మొదలుపెడతారు. రాత్రి ప్రార్థనకి పాట ఎత్తేది ఆవిడే అని చెప్పు. పిల్లల చేత ఒక కీర్తన, ఒక కంఠత వాక్యం నెలరోజుల్లో నేర్పించే బాధ్యత ఆవిడకి ఒప్పగించు. "నాన్నమ్మా, నువ్వు చిన్నప్పుడు డిసెంబర్‌లో ఏం చేసేదానివి?" అని బాబుని అడగమను. వాళ్ల సంఘంలో చెట్టూ తాతా లేకపోయినా ఆవిడ చిన్నప్పుడు వరి కుప్పల మీద ఎక్కి పాడుకున్న పాట ఏదో ఉండే ఉంటుంది.

ఐదు సెమీ క్రిస్మస్‌లలో మూడు కొట్టెయ్. స్కూలుది ఎలాగూ తప్పదు, చర్చిలో ఒకదానికి వెళ్లండి, అదీ సండే స్కూల్ పిల్లలది. ఆఫీసుది మీ ఆయన ఒక్కరే వెళ్లొస్తారు. "ఎంజాయ్ చెయ్యనీ" అన్నది ఆయనే కదా. చర్చి ప్రోగ్రామ్ రాత్రి పదకొండు దాకా సాగుతుంటే, పాప పాట అయిపోగానే మీరు లేచి వచ్చేయండి. పాస్టరమ్మగారు ఏమీ అనుకోరు, ఆవిడకీ నిద్రొస్తుంటుంది. 25 తెల్లవారుజాము ఆరాధనకి మాత్రం పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లు. ముందురోజు మధ్యాహ్నం పడుకోబెట్టు, స్వెట్టర్ వెయ్యి, ఫ్లాస్కులో పాలు పట్టుకెళ్లు, చివరి బెంచీలో పక్కకి కూర్చో. ప్రసంగం మధ్యలో నిద్రపోతే పోనీ. చీకట్లో లేచి, చలిలో నడిచి, గుడి నిండా దీపాలు చూడ్డం వాళ్లకి గుర్తుండిపోతుంది.

వీలైతే డిసెంబర్ మొదట్లో ఒక శనివారం మెదక్ గుడికి తీసుకెళ్లండి, మీకు వంద కిలోమీటర్లు ఉంటుందేమో. 25న వద్దు, ఆ జనంలో పిల్లలు నలిగిపోతారు. మిషనరీ చార్లెస్ పోస్నెట్ దొరగారు కరువు రోజుల్లో జనానికి పని చూపిస్తూ కట్టించిన గుడి అది, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ చేశారు. అంటే ఆ గుడి పుట్టినరోజు కూడా క్రిస్మసే. లోపల రంగుటద్దాల కిటికీలు మూడు ఉంటాయి, యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం. ఎండ ఉన్నంతసేపే వాటి రంగులు తేలతాయి కాబట్టి పగలే వెళ్లండి. పుట్టుక కిటికీ ముందు బాబుని నిలబెట్టి ఎంతమంది జ్ఞానులున్నారో లెక్కపెట్టమను.

అన్నీ ఈ ఏడే మొదలుపెట్టకు. స్టార్, గడ్డిపరకలు, గవ్వలు, ఈ మూడూ చాలు. నచ్చితే వచ్చే ఏడు జ్ఞానుల్ని బయల్దేరదీయి. గవ్వల చెక్క కోసం మీ అమ్మగారికి ఇవాళే ఫోన్ చెయ్యి, అటక మీద పాతది ఉండే ఉంటుంది. అది వచ్చేలోపు పిల్లలు ఆగకపోతే కొత్త దువ్వెన ఒకటి కడిగి దాని పళ్ల మీద ఒత్తండి, గవ్వలు చక్కగా వస్తాయి.